కోడూరు రాయి: నిప్పు పుట్టించిందా, నీరు పుట్టించిందా?

కోడూరు అనగానే చాలామందికి రాయలసీమలోని రైల్వే కోడూరు స్ఫురిస్తుంది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది విజయనగరం జిల్లాలో గరివిడి దాపున ఉన్న కోడూరును. భూవిజ్ఞాన గ్రంథాలలో 'కోడూరైట్' అనే శిలకు పేరిచ్చిన ఊరు ఇదే.

మన దేశంలో మాంగనీసు తవ్వకం ఒక పరిశ్రమగా మొదలైనది ఈ ప్రాంతంలోనే. 1892లో, నాటి విశాఖపట్టణం జిల్లాలో, తొలి ఏడు తీసిన ఖనిజం 674 టన్నులు. ఉక్కు తయారీకి కావలసిన ఈ నల్లరాయి ఓడలెక్కి విదేశాలకు తరలిపోయింది.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన లీ ఫెర్మర్ ఈ గనులను పరిశీలించి, 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాలపై ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గార్నెట్, అపటైట్ కలిసిన ఇక్కడి శిలకు కోడూరైట్ అని పేరు పెట్టినది ఆయనే. భూగర్భంలో కరిగిన శిలాద్రవం పైకి చొచ్చుకువచ్చి గడ్డకట్టగా ఏర్పడిన అగ్నిశిల ఇదని ఆయన అభిప్రాయం.

తరువాతి పరిశోధకులు దీనిని అంగీకరించలేదు. ఈ శిల ఖొండలైట్ల నడుమ, వాటితోపాటే మడతలు పడుతూ, పొరలు పొరలుగా సాగుతుంది. ఖొండలైట్ ఒకప్పటి బంకమట్టి. కనుక కోడూరైట్ కూడా మాంగనీసు కలిసిన సముద్రపు అవక్షేపమేననీ, సుమారు వంద కోట్ల ఏళ్ళ క్రితం తూర్పు కనుమలను కుదిపిన వేడిమీ, ఒత్తిడీ దానిని ఇలా మార్చాయనీ వారు తేల్చారు. అయితే అటు పిమ్మట ఈ శిల శిథిలమై, నేలలోకి ఇంకిన నీటివల్ల ఖనిజం చిక్కబడినదన్న ఫెర్మర్ మాట మాత్రం నిలిచింది.

పొరలుగా ఉన్నంత మాత్రాన అగ్నికి ప్రమేయం లేదనడమూ తొందరపాటే. సముద్రపు అడుగున అగ్నిపర్వత శిలల పగుళ్ళలోకి దిగిన నీరు వేడెక్కి, రాగినీ, జింకునూ కరిగించుకుని పైకి చిమ్ముతుంది. చల్లని నీరు తగలగానే ఆ లోహాలు పొరలుగా పేరుకుంటాయి. 1979లో పసిఫిక్ అడుగున శాస్త్రజ్ఞులు అటువంటి వేడి ఊటలను కళ్ళారా చూశారు. లోహం ఎక్కడినుండి వచ్చింది, పొరగా ఎలా పరుచుకుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఫెర్మర్ కాలానికి ఈ రెండూ విడిపడలేదు.

ఆయన సిద్ధాంతం వీగిపోయినా పేరు మాత్రం మిగిలింది. ఆ రాయిని తవ్వి, తట్టలకెత్తిన కూలీల పేర్లు ఏ గ్రంథంలోనూ కనిపించవు. కనీసం వారి ఊరి పేరైనా ఒక శిలకు దక్కింది. ఆ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగానైనా ఉండదగినది.