వియన్నా లేఖలు - ఒక హైదరాబాదు సంపాదకుడు

నిజాము సంస్థానపు తపాలాబిళ్లలు సంస్థానపు టెల్లలు దాటి చెల్లెడివి కావు. ఐరోపా నుండి వచ్చు ఉత్తరములు బ్రిటిషు ఇండియా తపాలా కచేరీల మూలముననే చేరవలెను. జనులు లష్కరని పిలుచు సికింద్రాబాదులో నట్టి కచేరీ యుండెను. నాజీల కాలమున యూదులు విదేశములందలి తమవారికి వ్రాసిన లేఖలను గూర్చి విచారించువారు సామాన్యముగా లండను, న్యూయార్కు నగరముల వంక చూతురు. హైదరాబాదుతో సంబంధము గల యుదాహరణ మొకటి కలదు.

1927లో హైదరాబాదున వెలువడ నారంభించిన ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు తొలి సంపాదకుడు పిక్తాల్. ఫ్రాంకుఫర్టు ఆచార్యుడును యూదుడును అగు హోరోవిట్స్ రచించిన దీర్ఘవ్యాస మా తొలి సంపుటములలోనే ప్రకటితమయ్యెను. కావున యూదు పండితుల పేళ్లు ఆ పత్రికకు క్రొత్తవి కావు. 1937లో దానికి సంపాదకుడైన మహమ్మదు అసదు జన్మముచే యూదుడు; 1900లో లెంబర్గు నగరమున పుట్టిన లియోపోల్డు వైసు. తాత మతగురువు, తండ్రి న్యాయవాది.

1926లో ఇస్లాము స్వీకరించిన సంగతిని అతడు తండ్రికి వ్రాసెను. బదులు రాలేదు. కొన్ని నెలలకు సోదరి జాబు వచ్చెను: తండ్రి లెక్కలో కుమారుడు మృతుడు! మతము మారినను తన ప్రేమ మారలేదని కుమారుడు మరల వ్రాసెను. దానికిని మౌనమే సమాధానము. 1935లో గాని తండ్రి మనసు కరగలేదు. అటుపిమ్మట 1942 వరకు తమ యుత్తరప్రత్యుత్తరములు తెగలేదని అసదు 1954లో ప్రకటించిన ఆత్మకథలో చెప్పినాడు.

చరిత్రకారు డీ మాటను యథాతథముగా గ్రహించి యూరకుండరాదు. 1938 మార్చిలో ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయెను. ఆనాటి నుండి వియన్నా యూదుల జాబులలో క్షేమసమాచారముకంటె వీసా, పూచీ, ఓడ టిక్కెట్టు అను మాటలే మిక్కుటము. అసదు స్వయముగా 1939లో ఐరోపాకు పోయి తనవారిని తప్పింప యత్నించి విఫలుడయ్యెను. ఆ సెప్టెంబరులో యుద్ధము వచ్చినది. శత్రుదేశముల నడుమ నేరు తపాలా నిలిచినది. ఇక మిగిలినది ముఖ్యముగా రెడ్‌క్రాసు పత్రము: ఇరువదియైదు మాటలకు మించరాదు, కుటుంబవార్త తప్ప వేరొకటి కూడదు, బదులు దాని వెనుకనే వ్రాయవలెను, చేరుటకు నెలలు పట్టును, నడుమ సెన్సారు. కావున ‘తెగలేదు’ అను మాటకు 1938కి ముందొక యర్థము, 1939 తరువాత మరియొక యర్థము.

వేరొక విషయము. ఆస్ట్రియా పౌరుడగుటచే బ్రిటిషు ప్రభుత్వ మసదును శత్రుదేశీయునిగా నెంచి ఆ సెప్టెంబరులోనే నిర్బంధ శిబిరమున నుంచెను. ఏ రాజ్యము తన తండ్రిని వేటాడుచుండెనో ఆ రాజ్యపు ప్రజగానే కుమారు డిచట బందీ! ఇట్లు లేఖకు రెండు కొనలయందును ముండ్లకంచెయే యయ్యెను.

1942లో తండ్రిని, సోదరిని నాజీలు వియన్నా నుండి తరలించిరి. వారిరువురును శిబిరమున మరణించిరి. కుమారుడు విడుదలయైనది 1945 ఆగస్టులో.