ఎవరి కీబోర్డ్ వారిదే

కడప ఏడురోడ్ల చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో పనికోసం వచ్చిన ఆపరేటర్‌ను మొదట అడిగేది "ఏ కీబోర్డ్?" అని. యాపిలా, మాడ్యులరా, టైప్‌రైటరా? స్పీడెంత అన్నది తర్వాతి మాట.

అందరికీ ఒకే కీబోర్డ్ ఉండాలని ఢిల్లీ ఎప్పుడో అనుకుంది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే వరసను ఖాయం చేసింది. మన లిపులన్నిటికీ అక్షరాల కూర్పు ఒకటే కదా, అందుకని ఇంగ్లీషు 'కె' ఉన్న మీట నొక్కితే హిందీలోనైనా కన్నడంలోనైనా తెలుగులోనైనా 'క' పడుతుంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. 'డి' మీద పొల్లు. ఇంత పొందికైన వరస నేనింకోటి చూడలేదు. అయినా మా బజారులో దాన్ని ముట్టుకున్నవాళ్లు తక్కువ.

మా తొలితరం ఆపరేటర్లు టైపు ఇన్‌స్టిట్యూట్లలో తెలుగు లోయర్, హయ్యర్ పాసై వచ్చినవాళ్లు. టైప్‌రైటర్‌లో కంటికి కనబడే ముక్కనే కొడతారు. వత్తుకు దాని మీట దానిదే. ఇన్‌స్క్రిప్ట్‌లో అయితే క, పొల్లు, ష అని కొడితే 'క్ష'. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రికి రాత్రి పత్రికలు ప్రెస్సుకు పోవాల్సి ఉంటే, పొల్లు పెట్టి వత్తు తెప్పించడం నేర్చుకునే తీరిక ఎవరికుంటుంది? ఎవరికి అలవాటైన వరస వాళ్లు ఎంచుకోనిచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్లు గెలిచింది ఇక్కడే. పగటిపూట అమ్మాయి యాపిల్ పెట్టుకుంటే, రాత్రి వచ్చే పెద్దాయన టైప్‌రైటర్‌కు మార్చుకునేవాడు. సిస్టమ్ మాత్రం అదే.

మనిషికో కీబోర్డ్ వల్ల తెలుగు కంప్యూటర్‌లో వెనకబడిందనే మాట చాలాసార్లు విన్నాను. నేనొప్పుకోను. వేళ్లు ఎటు పోయినా నష్టం లేదు, చిక్కంతా ఫైల్లో ఉండేది. అప్పటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే, ఎవరి పద్ధతిలో వాళ్లు, తెలుగు ముక్కలు కూర్చుకునేవి. కర్నూలులో కొట్టిన మ్యాటర్ ప్రొద్దుటూరులో తెరిస్తే, ఆ ఫాంట్ లేనిచోట డాలరు గుర్తులూ బ్రాకెట్లూ! అందుకే మ్యాటర్‌తోపాటు ఫాంటూ ఫ్లాపీలో వేసి పంపేవాళ్లం. ఒకే పద్ధతి కావాల్సింది అక్కడ.

ఆ పద్ధతి యూనికోడ్, ఒక్కో అక్షరానికి అందరికీ ఒకే కోడ్. 1991 నాటి దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. మా దాకా రావడానికి మాత్రం 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత వీవెన్ చేసిన లేఖిని అనే ఆన్‌లైన్ పరికరంలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాసేవాళ్లు మొదలయ్యారు. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టినా, లేఖినిలో కొట్టినా లోపల పడే కోడ్ ఒకటే. వీధిలో ఎవరూ పండగ చేసుకోలేదు గానీ, ఫ్లాపీలో ఫాంట్ మోసే బాధ తీరే దారి అది.

పూర్తిగా తీరిందని కాదు. ఇప్పుడు పెళ్లివారు మ్యాటర్ వాట్సాప్‌లో పంపుతారు, అది యూనికోడ్. పేజీలు కూర్చే మా పేజ్‌మేకర్‌కు మాత్రం పాత పద్ధతి అను ఫాంట్ కావాలి. కన్వర్టర్‌లో వేసి మార్చి, 'వెంకటలక్ష్మి'లో వత్తులు నిలిచాయో లేదో చూసి, ఆ తర్వాతే ప్రూఫ్ పంపుతాం.