చీనీఖానాలో కెమెరా

హైదరాబాద్‌లో మూసీకి దక్షిణాన, పత్తర్‌గట్టీ పక్కన, నిజాంల దివాన్లైన సాలార్‌జంగుల మహలు దివాన్ దేవిడీ ఉండేది. ఐనాఖానా, లక్కడ్‌కోట్, నిజాంబాగ్, నూర్‌మహల్ అంటూ ఆ ఆవరణలో ఒక్కో కట్టడానికి ఒక్కో పేరు. వాటిలో చీనీఖానా చూపు తిప్పుకోనివ్వని గది. గోడలకు రంగులకు బదులు పింగాణీ పళ్లేలు, సాసర్లు, కప్పులు పొదిగారు. ఇప్పుడా గది లేదు. దేవిడీ పాత దర్వాజాలు మాత్రం మిగిలాయి. లోపల ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే లాలా దీన్‌దయాళ్ తీసిన ఫొటోయే దిక్కు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. కోటలూ గుళ్లూ తీయడంలో అప్పటికే చేయి తిరిగినవాడు. కానీ ఆరుబయట తీయడం వేరు, నాలుగు గోడల మధ్య తీయడం వేరు.

ఆయన వృత్తిలోకి వచ్చేనాటికి తడి పలకల పద్ధతి నడుస్తోంది. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణపు నీళ్లలో ముంచి, ఆ తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాలి. చేతిలో ఉండేది పది, పదిహేను నిమిషాలు. హైదరాబాద్ ఎండాకాలంలో అదీ ఉండదు. మసక గదిలో బొమ్మ పడటానికే అంతసేపు పడితే పలక కెమెరాలోనే ఎండిపోతుంది. 1880 ప్రాంతంలో ఫ్యాక్టరీల్లో తయారైన పొడి జెలటిన్ పలకలు రావడంతో ఆ గండం గడిచింది. ఎంతసేపు కావాలంటే అంతసేపు లెన్సు తెరిచి ఉంచవచ్చు, కడగడం తర్వాత చూసుకోవచ్చు. దేవిడీల లోపలి గదులు మనకు దక్కడానికి ఈ మార్పే మూలం.

అంతటితో పని తేలికైపోలేదు. కిటికీ వెలుగు గాజు పలకలోంచి దూసుకెళ్లి, వెనక తలానికి తగిలి తిరిగొచ్చేది. కిటికీ చుట్టూ తెల్లటి మంచులా కమ్మేసేది. దానికి విరుగుడుగా పలక వెనక నల్లటి పూత పూసేవారు. ఫొటో పడుతున్నంతసేపూ కిటికీని తెరిచి ఉంచకుండా, కాసేపు గుడ్డ కప్పి తర్వాత తీసేయడం మరో ఉపాయం. చిన్న గదైతే వెనక్కి జరిగే చోటుండదు. వెడల్పు లెన్సు వేస్తే ముందున్న కుర్చీ ఉబ్బిపోతుంది. కెమెరా కాస్త పైకెత్తితే గోడలు లోపలికి వాలతాయి. అందుకే కెమెరా వెనక పలకను నిట్టనిలువుగానే ఉంచి, లెన్సును మాత్రం పైకి జరిపేవారు. చీనీఖానా లాంటి చోట ఇంకో చిక్కు: మెరుగు పూసిన ప్రతి పళ్లెమూ ఓ చిన్న అద్దమే.

ఎడిటింగ్ కంప్యూటర్‌తో పుట్టిన పని అనుకుంటాం కానీ, అప్పటి స్టూడియోల్లో రీటచింగ్ చేసేవాళ్లకే రోజంతా పని. నెగటివ్‌లో చీకటి మూలలు పలచగా వస్తాయి. అక్కడ ఎర్రరంగు అద్దితే ప్రింటులో ఆ మూల తేటపడుతుంది. కిటికీ పడిన చోటు చిక్కగా వస్తుంది. స్పిరిట్‌లో తడిపిన మెత్తని గుడ్డతో దాన్ని అరగదీసేవారు. ఒక్క రుద్దు ఎక్కువైతే పలక పాడైనట్టే.

1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడల మధ్య పరదా స్త్రీల కోసమే కట్టించిన చోటది. ఫొటోలు తీసే బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళది. అంతఃపురపు గదిలోకి కెమెరా వెళ్లలేని కాలంలో, ఆడవాళ్లు నిశ్చింతగా కూర్చునే గదినే కెమెరా చుట్టూ కట్టడం ఎంత గొప్ప ఆలోచన! 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చాడు.

దీన్‌దయాళ్ కాలంలోనే, 1884లో కట్టడం మొదలైన హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నవంబరులో హోటలైంది. ఇప్పుడు ఏ హోటలైనా పడకగదితో పాటు బాత్రూమ్ ఫొటో కూడా చూపించాల్సిందే. కిటికీకో ఎక్స్‌పోజర్, గదికో ఎక్స్‌పోజర్ తీసి కలుపుతారు. వాలిన గోడలను సాఫ్ట్‌వేర్‌లో నిలబెడతారు, అద్దంలో పడ్డ కెమెరాను చెరిపేస్తారు. ఆనాడు గుడ్డతో, పూతతో, ఎర్రరంగుతో చేసిన పనులే ఇవన్నీ.

సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలోనే మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. దీన్‌దయాళ్ ఫొటోల ప్రదర్శన 2006లో అక్కడ జరిగింది. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి, 1989లో కొన్నారు. మ్యూజియంలో పింగాణీని అద్దాల బీరువాల్లో చూసి వెళ్లే పాతబస్తీ పిల్లలకు, అలాంటి పళ్లేలు ఒకప్పుడు ఇక్కడే ఓ గది గోడలై ఉండేవని తెలియాలి. చీనీఖానా ఫొటోను నిలువెత్తున అచ్చువేయించి, ఆ బీరువాల పక్కనే శాశ్వతంగా పెట్టాలి.