మేనరికము - బీజధర్మము: మన వంశచరిత్రలో నొక యధ్యాయము

ఆర్యవైశ్య మహాజనులారా!

మన సంఘ వార్షిక మహాసభా సంచికలలో గోత్రప్రవరలను గుఱించియు, సత్రములను విద్యార్థి వసతిగృహములను నెలకొల్పిన వదాన్యులను గుఱించియు పెద్దలు పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. వంశము మనకిచ్చిన కీర్తిని వారు చాటిరి. వంశము మన శరీరములయందు గుప్తముగ నుంచిన సొత్తును, దానితోపాటు అప్పును గూడ చెప్పుట చరిత్ర వ్రాయువాని విధి. చిట్టా ఆవర్జాలు వ్రాయుటలో పేరుగాంచిన మనము జమను మాత్రము వ్రాసి ఖర్చును విడిచినచో ఆ లెక్క లెక్క యగునా? కావున బీజధర్మమును గుఱించి పూర్వులు తలచినదియు, నేటి శాస్త్రము తేల్చినదియు, అందు మన కులమునకు ముఖ్యముగ సంబంధించినదియు క్రమముగ విన్నవించెదను.

పూర్వుల పరిశీలనము

రోగములు వంశానుగతముగ వచ్చుననుట మనకు క్రొత్త మాట కాదు. చరకసంహిత శారీరస్థానమున బీజము, బీజభాగము, బీజభాగావయవము అను విభాగము కలదు. ఏ యంగమునకు మూలమైన బీజభాగము చెడునో, శిశువునకు ఆ యంగమే వికృతి నొందునని దాని తాత్పర్యము. సుశ్రుతుడు శుక్రశోణిత దోషముచే కలుగు వ్యాధులకు ఆదిబలప్రవృత్తములని పేరిడి, వానిని మాతృజములు పితృజములు అని రెండు తెగలుగ విభజించెను. దోషము తల్లినుండియే వచ్చునని ఆయన చెప్పలేదు. ఇరువురను సమముగ నిలిపెను. కోడలినే నిందించు అత్తవారిండ్లు ఈ విషయమును గుర్తుంచుకొనదగును.

మనుస్మృతి వివాహప్రకరణము క్షయ, అపస్మారము, శ్విత్రము, కుష్ఠము మొదలగు రోగములుగల కులములతో సంబంధము వలదనుచున్నది. అయితే ఒక యింట పలువురకు వచ్చినంత మాత్రమున రోగము బీజమునుండి వచ్చినదని నిశ్చయింపరాదు. కుష్ఠము సూక్ష్మక్రిమివలన కలుగునని 1873 లో నార్వే దేశీయుడు హాన్సెనును, క్షయ యట్టిదేయని 1882 లో జర్మనీ దేశీయుడు కాఖును కనుగొనిరి. ఇందులకు మన సీమయందే యొక నిదర్శనము కలదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో పండ్లు గారపట్టి, వెన్ను బిగిసి, కాళ్లు వంకరపోయినవారు తరతరములుగ నుండిరి. తండ్రికిని కొడుకునకును అదే వంకర కనుపించుచుండ, చూచువారు అది వంశదోషమని తలచుటలో వింతయేమి? ఆ ప్రాంతములు నెల్లూరు జిల్లాలో చేరియున్న కాలమున, 1937 లో వైద్యులు దీనికి కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. దోషము బీజమున లేదు, బావిలో నున్నది. నీరు మార్చి నివారింపదగు కష్టమునకు వంశమును నిందించుట అన్యాయము. బీజమున నున్నదానిని దాచుటయు అంతే యన్యాయము. ఈ రెంటిని వేఱుపఱచి చూచుటయే ఆధునిక శాస్త్రము చేసిన మేలు.

సాపిండ్యము - మేనరికము

యాజ్ఞవల్క్యస్మృతి తల్లివైపున ఐదు తరములు, తండ్రివైపున ఏడు తరములు గడచినగాని వివాహము కూడదనుచున్నది. దానిని వ్యాఖ్యానించుచు విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు, ఒకే శరీరముయొక్క అవయవములు పలువురయందు అనుగతమై యుండుటయే సాపిండ్యమని నిర్వచించెను. పిండప్రదానమును బట్టికాక దేహాంశమును బట్టి బంధుత్వమును లెక్కించిన ఈ నిర్వచనమునకును, నేటి శాస్త్రజ్ఞుల లెక్కకును గల దగ్గఱతనము ఆశ్చర్యకరము.

మఱి మన మేనరికమెట్లు నిలిచినది? బౌధాయన ధర్మసూత్రము మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారముగ పేర్కొన్నది. పదునాలుగవ శతాబ్దమున మాధవాచార్యుడు పరాశరమాధవీయమున ఈ యాచారమును సమర్థించుచు వాదించెను. 1909 లో థర్స్టన్ దొర దక్షిణదేశపు కులములను గుఱించి ప్రకటించిన ఏడు సంపుటములలో మేనరికమును మిక్కిలి పట్టుదలతో పాటించువారిగ మన కులమును చూపెను. 1955 నాటి హిందూ వివాహచట్టము సైతము సపిండ వివాహమును నిషేధించుచునే, ఆచారమున్నచోట దానిని అనుమతించినది.

ఈ యాచారమునకు గుణములు లేకపోలేదు. ఆడపిల్ల ఎఱుగని యింటికి పోక మేనత్త చేతిలో పడును, ఆస్తి చీలిపోదు, కష్టకాలమున పుట్టినింటివారును మెట్టినింటివారును ఒక్కటియే. కాని యొక్క సూక్ష్మమును గమనింపుడు. గోత్రము తండ్రివైపు దారమును మాత్రమే లెక్కించును. మేనమామ కూతురి గోత్రము వేఱైనను, ఆమె రక్తము వేఱు కాదు. సగోత్రము కాదని తృప్తిపడి మనము తలుపొకటి మూసితిమి. రెండవ తలుపు తెఱచియే యున్నది.

బఠాణీలు చెప్పిన రహస్యము

ఆస్ట్రియా సామ్రాజ్యమున బ్రన్ నగరపు మఠవాసి మెండెల్ అను ఆయన బఠాణీ మొక్కలను సంకరము చేసి చూచెను. గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలుపగా మొదటి తరమున అన్నియు గుండ్రనివే వచ్చినవి. వానిని వానితోనే ఫలింపజేయగా రెండవ తరమున 5,474 గుండ్రనివియు, 1,850 ముడుతలవియు కనుపించినవి. అనగా ఇంచుమించు మూటికొకటి. మొదటి తరమున ముడుత నశింపలేదు, దాగియుండెను. ఆయన ఈ సంగతిని 1865 లో చదివి, 1866 లో అచ్చువేయించెను. లోకము దానిని గుర్తించినది 1900 లోనే.

పత్తి రైతులతో పొత్తుగల మనకు ఇది యెఱుకలోని సంగతియే. 1970 లో గుజరాతున హైబ్రిడ్-4 అను సంకర పత్తి వెలువడిన పిమ్మట అట్టి విత్తనములు మన నల్లరేగడి భూములకును వచ్చినవి. సంకర పత్తి పంటలోని గింజలనే దాచి మఱుసటి యేడు విత్తిన రైతునకు చేనిలో చెట్టున కొక తీరు కనుపించును. మొదటి తరమున దాగిన గుణములు రెండవ తరమున విడివడుటయే దానికి కారణము. అందుచేతనే యేటేట క్రొత్త విత్తనము కొనవలసివచ్చుచున్నది.

మనుష్యుల సంగతియు నిట్టిదే. మన దేహకణములలో 46 క్రోమోసోములు కలవని 1956 లో తేలినది. 23 తల్లివి, 23 తండ్రివి. వానిపై సుమారు 20,000 జన్యువులు కలవు. ప్రతి జన్యువునకును సాధారణముగ రెండు ప్రతులుండును. అంగడిలో ఒకే లెక్కను ఇద్దఱు గుమాస్తాలు చూచుచుండ, ఒకడు రాకున్నను పని సాగినట్లు, ఒక ప్రతి చెడినను పెక్కు జన్యువుల విషయమున రెండవది పని నడుపును. అట్టివానికి జబ్బు లేదు. తాను వాహకుడని తెలియనే తెలియదు. భార్యాభర్తలిరువురును ఒకే చెడిన ప్రతిని మోయువారైనపుడు ఒక్కొక్క కాన్పునందును బిడ్డకు రెండు చెడిన ప్రతులును చేరుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. ఒక బిడ్డకు వచ్చినదికాన తక్కిన మువ్వురకు రాదని కొందఱు భ్రమపడుదురు. అట్లుకాదు, ప్రతి కాన్పును క్రొత్త పందెమే.

1902 లో లండను వైద్యుడు గారడ్, మూత్రము గాలి సోకిన నల్లబడు నొక వ్యాధిని పరిశీలించి, అది మెండెల్ నియమమును అనుసరించుననియు, ఆ రోగుల తల్లిదండ్రులలో పెక్కుమంది అన్నదమ్ముల అక్కచెల్లెండ్ర బిడ్డలనియు చూపెను. మానవవ్యాధికి ఈ నియమము అన్వయించుటయు, దగ్గఱ బంధువుల వివాహపు ప్రభావము బయటపడుటయు నొక్కసారియే జరిగినవి.

లెక్క తేల్చి చూచిన

మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాలుగవపాలు ఉమ్మడి; మేనమామ బిడ్డకును మేనత్త బిడ్డకును ఎనిమిదవపాలు. వారికి పుట్టు బిడ్డయందు ఒక జన్యువుయొక్క రెండు ప్రతులును ఒకే పూర్వునినుండి వచ్చియుండు అవకాశము మొదటి సంబంధమున ఎనిమిదింట నొకటి, రెండవదాన పదునాఱింట నొకటి, రెండవ మెట్టు మేనరికమున అఱువదినాలుగింట నొకటి. తరతరమునను మేనరికములే జరిగిన యిండ్లలో ఇది యింకను హెచ్చును.

దీనిని విని భయపడనక్కఱలేదు. ఏ దంపతులకైనను బిడ్డ పుట్టుకలోపముతో కలుగు అవకాశము నూటికి రెండో మూడో యుండును; మేనమామ మేనత్త బిడ్డల వివాహమున దానికి మఱి రెండో మూడో చేరును. అనగా నూటికి తొంబదిమందికి మించి ఆరోగ్యవంతులే. కాని ఆ మిగిలినవారిలో మన బిడ్డ యున్నచో ఆ యింటికి అది నూటికి నూఱు. 1957 లో మన దేశమునకు వచ్చి స్థిరపడిన హాల్డేన్ పండితుని శిష్యుడు, పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖానుతో కూడి 1960 వ దశకమున ఆంధ్రదేశపు మేనరికములను శాస్త్రీయముగ పరిశీలించిరి. మన యాచారము లోకమునకు పాఠమైనది; మనకు మాత్రమింకను కాలేదు.

మన రక్తములోని కులచరిత్ర

ఇక ముఖ్యవిషయము. మేనరికమును మానినంతనే మన లెక్క తీరదు. 2009 లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజులును, అమెరికా దేశపు డేవిడ్ రైక్ మొదలగువారును ప్రకటించిన పరిశోధనములో ఆంధ్రదేశపు వైశ్యులు విశేషముగ కనుపించిరి. సుమారు రెండు మూడు వేల యేండ్లక్రిందట కొలదిమంది మూలపురుషులనుండి ఈ సమూహము విస్తరించినదనియు, అప్పటినుండి యితరులతో వివాహసంబంధములు మిక్కిలి యరుదనియు వారు తేల్చిరి. 714 గోత్రములలో 102 గోత్రములవారే వాసవీకన్యకను అనుసరించిరని మన సంప్రదాయము. ఆ పుణ్యకథను ఈ కాలగణనముతో ముడివేయుట నా యుద్దేశము కాదు. కొలదిమంది యిండ్లే పెద్ద కులమైనదను సంగతి మాత్రము రక్తమునందును వ్రాయబడియున్నది. కావున బంధుత్వమెఱుగని దూరపు ఊరి సంబంధము చేసికొన్నను, పాత బంధుత్వము మన కంటికి కనబడకయే యుండవచ్చును.

దీని ఫలమేమి? రక్తములో బ్యుటిరిల్ కోలినెస్టెరేజ్ అను ఎంజైము కలదు. శస్త్రచికిత్సకు మత్తునిచ్చు వైద్యుడు గొంతులో గొట్టము వేయుటకై కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను మందు నిచ్చుట కలదు. ఈ యెంజైము దానిని కొలది నిమిషములలో విఱుగగొట్టును. రోగి తిరిగి ఊపిరి తీయును. ఎంజైము లేనివానికి ఆ సడలింపు గంటలకొలది నిలుచును. అంతసేపును యంత్రముతో శ్వాస నిలుపకున్న ప్రాణాపాయము. నిలిపినచో మందు తీరి మామూలుగ లేచును. ఈ లోపము ఆంధ్ర వైశ్యులలో హెచ్చుగ నున్నదని 1979 లో వెల్లడియైనది. ఆ జన్యువునందలి మార్పు యేదో 2006 లో తెలిసినది: ఎంజైములో 307 వ స్థానమున ల్యూసిన్ ఉండవలసినచోట ప్రోలిన్ వచ్చుటయే. ఇతరులకంటె మనలో ఇది సుమారు నూఱురెట్లు హెచ్చని 2017 నాటి పరిశోధనము చెప్పుచున్నది. ఈ లోపముగలవారు తక్కిన విషయములలో ఆరోగ్యవంతులే. అందుచేతనే శస్త్రచికిత్సబల్ల యెక్కువఱకు సంగతి తెలియదు.

పత్తి, మిరప పండు మన సీమలో దీనికి మఱియొక ముఖము కలదు. పురుగుమందు సోకినదా యని పరీక్షించుటకు ఆసుపత్రులలో ఈ యెంజైమునే కొలుతురు. పుట్టుకతోనే తక్కువగానున్న మనవానికి విషము సోకకున్నను లెక్క తక్కువ చూపును, వైద్యుడు పొరబడవచ్చును. ముందుగ చెప్పియుంచినచో ఆ పొరపాటునకు తావులేదు.

సంఘము చేయదగినది

ఇట్టి జ్ఞానము దుర్వినియోగమైన చరిత్రయు కలదు. 1933 లో జర్మనీలో చట్టము చేసి సుమారు నాలుగు లక్షలమందికి బలవంతముగ సంతానము లేకుండ చేసిరి. మనుష్యులను మేలు కీడు జాతులుగ తూచు త్రాసు కాదిది. మన రక్తమును దేశమందలి తక్కినవారి రక్తమువలెనే పలు ప్రాచీన జనుల కలయిక. ఇందు గర్వకారణమును లేదు, సిగ్గుపడవలసినదియు లేదు.

మంచి మార్గము చూపినవారును కలరు. టే-సాక్స్ అను శిశుమారక వ్యాధికి నలుగురు బిడ్డలను కోల్పోయిన యూదుమతాచార్యుడు జోసెఫ్ ఎక్‌స్టైన్ 1980 వ దశకమున న్యూయార్కులో దోర్ యెషోరిమ్ అను సంస్థను స్థాపించెను. యువతీయువకులకు రక్తపరీక్షచేసి సంఖ్య యిత్తురు, ఫలితము చెప్పరు. నిశ్చితార్థమునకు ముందు రెండు సంఖ్యలను పోల్చి, కూడునో కూడదో మాత్రము తెలుపుదురు. ఎవరికిని అపకీర్తి లేదు. వ్యాధిమాత్రము ఆ సంఘములో మిక్కిలి తగ్గినది.

మనమును నాలుగు పనులు చేయవచ్చును. మొదటిది, ప్రతి కుటుంబమును గోత్రప్రవరలతోపాటు మూడు తరముల ఆరోగ్యచరిత్రను, తల్లివైపుదిగూడ, వ్రాసియుంచుట. రెండవది, శస్త్రచికిత్సకు పోవునపుడు మన కులమును, ఈ లోపమును మత్తువైద్యునకు తప్పక చెప్పుట, అతని సలహాపై రక్తపరీక్ష చేయించుకొనుట. లోపమున్నదని తేలిన చీటిని దగ్గఱనుంచుకొనుట, తోబుట్టువులను గూడ పరీక్షింపించుట. మూడవది, మేనరికము తలపెట్టినవారు లగ్నము పెట్టింపకముందే జన్యువైద్యుని సలహా పొందుట. నాలుగవది, సంఘపు వధూవర పరిచయవేదికలయందు ఈ విషయములను రహస్యభంగము కాకుండ చెప్పించుట.

వాహకుడైనంతమాత్రమున సంబంధమును విఱుచుట మూర్ఖత్వము. ఏదో యొక చెడిన ప్రతిని మోయనివాడు లోకమున లేడు. దాచుట మాత్రము ద్రోహము. సత్రములు కట్టించిన చేతులతో దాతలు ఒక పరీక్షానిధిని గూడ నెలకొల్పుదురుగాక! పూర్వులు మనకు విడిచిన లెక్కను మనము సరిచూచి, రాబోవు తరమునకు శుభ్రమైన ఆవర్జాను అప్పగింతుముగాక అని సభ్యులకును పోషకులకును సవినయముగ విన్నవించుచున్నాను.