అజైల్ సిమ్యులేషన్ శిక్షణ

సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేసి ఇచ్చే అజైల్ పద్ధతిని జట్టుగా ఒక చిన్న పని చేసి నేర్చుకునే విధానమే అజైల్ సిమ్యులేషన్ శిక్షణ. నాణేలు, బంతులు, కాగితాలు, లెగో ఇటుకలతో ఇది సాగుతుంది. కంప్యూటరు లేకపోయినా ఇబ్బంది లేదు.

ఆటతో పని నేర్పడం అజైల్‌ కన్నా పాతది. సరఫరా గొలుసులోని చిక్కులు తెలియజెప్పడానికి ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ బృందం 1960లలోనే ‘బీర్ గేమ్’ ఆడించింది. 1995లో కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అజైల్ విధానాల్లో ఒకటైన స్క్రమ్‌ను ఒక సదస్సులో వివరించారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. దాదాపు ఆ రోజుల్లోనే బెల్జియంలో వేరా పీటర్స్, పాస్కల్ వాన్ కావెన్‌బర్గ్ ‘ఎక్స్‌పీ గేమ్’ రూపొందించారు. ఇందులో బుడగలు ఊదడం, కాగితపు టోపీలు మడవడం లాంటి పనులకు ఎంత సమయం పడుతుందో జట్టు ముందే అంచనా వేసి, చేశాక సరిచూసుకోవాలి. 2009లో ఉక్రెయిన్‌కు చెందిన అలెక్సీ క్రివిట్‌స్కీ లెగో ఇటుకలతో ఊరు కట్టించే ఆటను తెచ్చాడు. అందులో కొన్ని నిమిషాలకే ఒక స్ప్రింట్, అంటే ఒక పని విడత, ముగుస్తుంది; కట్టింది చూసి, ఏం కావాలో నిర్ణయించే ప్రోడక్ట్ ఓనర్ ఒప్పుకోకపోతే మళ్లీ కట్టాల్సిందే.

వీటన్నిటిలోకి తేలికైనది నాణేల ఆట. నలుగురు వరుసగా కూర్చుని 20 నాణేలను ఒక్కొక్కటిగా తిప్పి పక్కవారికి అందించాలి. ఒక నాణెం తిప్పడానికి ఒక సెకను అనుకుందాం. మొత్తం 20 తిప్పాకే అందిస్తే పని 80 సెకన్లకు పూర్తవుతుంది, అప్పటిదాకా వరుస చివర నిలబడ్డ కస్టమరుకు ఒక్కటీ అందదు. అయిదేసి అందిస్తే 35 సెకన్లు. తిప్పింది తిప్పినట్టు అందిస్తే 23 సెకన్లలో అంతా అయిపోతుంది, మొదటి నాణెం నాలుగో సెకనుకే చేతికొస్తుంది. విడివిడిగా చూస్తే ఎవరూ వేగం పెంచలేదు, మారింది పని చేతులు మారే తీరు మాత్రమే. చిన్న చిన్న విడతల్లో ఎందుకు ఇవ్వాలో ఏ నిర్వచనమూ ఇంత సూటిగా చెప్పలేదు.

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇంజినీరింగ్ విద్యార్థులకూ ఈ శిక్షణ పనికొస్తుంది. కోదాడ దగ్గర అనంతగిరిలో ఉన్న అనురాగ్ ఇంజినీరింగ్ కళాశాల లాంటివి జె.ఎన్.టి.యు. హైదరాబాద్‌కు అనుబంధమైనవి. ఆ విశ్వవిద్యాలయం ఆర్-18 సిలబస్‌లో సాఫ్ట్‌వేర్ తయారీకి చెందిన వాటర్‌ఫాల్, స్పైరల్ నమూనాల పక్కనే అజైల్ కూడా ఉంది. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఆరుగురు విద్యార్థుల జట్టుకు గడువులోపల పని చేసి చూపే అవకాశం ఇచ్చింది.

అజైల్‌ను పరీక్షలో జవాబుగా రాసిన విద్యార్థి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరగానే రోజూ స్టాండప్ అనే చిన్న సమావేశంలో నిలబడి, నిన్న ఏం చేశాడో, ఈరోజు ఏం చేస్తాడో, ఎక్కడ ఆగిపోయాడో నలుగురి ముందు చెప్పాలి. ఆగిపోయానని ఒప్పుకోవడం అలవాటుతో తప్ప రాదు. స్ప్రింట్ చివర జట్టు తన పనితీరును సమీక్షించుకునే రిట్రోస్పెక్టివ్‌లో ఆ అలవాటే పడుతుంది. అందుకే సిమ్యులేషన్‌లో ఆట కన్నా ఆట తర్వాతి చర్చకే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఈ మూడు ఊళ్ల అధ్యాపకులు దీనికోసం కొత్త ల్యాబ్ అడగనక్కర్లేదు. 20 నాణేలు, నాలుగు కుర్చీలు, ఒక పీరియడ్ చాలు.