పోచారం ఆనకట్ట, పరారుణ పరీక్ష

మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుపై, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో 1916–1922 మధ్య నిర్మితమైన పోచారం ఆనకట్ట, 1923లో పనులు మొదలైన నిజాంసాగర్ జలాశయం కంటే ముందుదే అయినా చరిత్రకారుల దృష్టికి అంతగా ఆనకపోవడం విచారకరం. ఇటువంటి రాతి కట్టడాలకు ఊట, అంటే రాళ్ల సందుల గుండా నీరు మెల్లగా బయటికి ఊరడం, ప్రధాన శత్రువు; తడి మరకను, పాచిని, సున్నం కరిగి పేరుకున్న తెల్లని చారను చూసి దాని జాడ పట్టడం తరతరాలుగా లష్కర్ల, అంటే తూములు, కాలువలు చూసుకునే సిబ్బంది, కంటికి అలవడిన విద్య.

ఆ జాడను పట్టడానికి ఇప్పుడు పరారుణ కిరణాలూ తోడ్పడతాయి. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చీకటి చోట ఉంచిన థర్మామీటరులో పాదరసం పైకెగబాకడం గమనించాడు. కంటికి కనబడని ఆ కిరణాలే పరారుణ కిరణాలు. ప్రతి వస్తువూ తన వేడిమిని బట్టి వెదజల్లే ఈ కిరణాలను థర్మల్ కెమెరా రంగుల చిత్రంగా మారుస్తుంది. తడిసిన రాయి, నీరు ఆవిరవుతున్నకొద్దీ చల్లబడి, పొడిరాళ్ల నడుమ వేరుగా కనబడుతుంది. అయితే కెమెరా పైపొరనే చూస్తుంది, గోడ లోపలికి చూడలేదు. పైగా ఎండ, గాలి దాని కొలతను తారుమారు చేస్తాయి కనుక లష్కరు అనుభవం దీనికి తోడు కావలసిందే.

ఊటే కాదు, వరద కూడా ఇటువంటి కట్టడాలకు పరీక్షే. 2025 ఆగస్టులో మహావరద కట్ట మీదుగా పొర్లి, ఒక పక్క మట్టిని కోసుకుపోయినప్పటికీ పోచారం రాతి కట్టడం తట్టుకుని నిలిచింది.