కొలువులన్నీ విరాటపర్వంలోనే

మహాభారతంలో ఉద్యోగ పర్వం మొత్తం గాలించినా ఒక్క ఉద్యోగం దొరకదు. భీముడు వంటశాలలో, నకులుడు గుర్రాల శాలలో కుదిరింది అంతకుముందు, విరాటపర్వంలో. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. ఆ లెక్కన నిరుద్యోగి అంటే ప్రయత్నమే చేయనివాడు! సిరిసిల్ల జిల్లా కోనరావుపేటలో చాయ్ హోటల్ ముందు కూచున్న డిగ్రీ పిల్లగాడికి ఈ అర్థం చెబితే ఊరుకోడు.

ఉర్దూ నుంచి వచ్చిన బేకార్‌దీ అదే కథ. పని లేనివాడు కాస్తా పనికిరానివాడయ్యాడు. బ్రిటన్ 1988లో 16, 17 ఏళ్ల పిల్లలకు భృతి ఆపేసరికి వాళ్లు నిరుద్యోగుల లెక్కలోంచే మాయమయ్యారు. చదువు, శిక్షణ, పని ఏదీ లేనివాళ్లకు అక్కడ మిగిలిన పేరు ‘స్టేటస్ జీరో’. 1999 ప్రభుత్వ నివేదికతో అది ‘నీట్’ అయింది. మన దగ్గరేమో నీట్ అంటే డాక్టరు సీటు పరీక్ష.

కులవృత్తుల శతాబ్దాలను దాటేస్తాను. సాలెల పిల్లగాణ్ని ఏం చేస్తావని అప్పుడెవరూ అడగలేదు, వాడికి వేరే దారి లేదు గనక.

నన్ను వదలనిది 1978. సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర. చదువుకున్న కుర్రాళ్లు జీతగాళ్లతో కలిసి దొరలను నిలదీశారు. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మరుసటి ఆగస్టు 15న కేంద్రం ట్రైసెం తెచ్చింది. గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ, బ్లాకుకు ఏటా 40 మంది. పదుల ఊళ్లకు నలభై మంది! వాళ్లకు కుట్టుమిషను నేర్పేలోగా పిల్లలు బొంబాయి మీదుగా దుబాయి బాట పట్టారు, కొందరు అప్పులు తీర్చను, కొందరు పోలీసులకు జడిసి.

ట్రైసెం 1999లో ఇంకో పథకంలో కలిసిపోయింది. 2014లో దీన్‌దయాళ్ పేరిట కౌశల్య యోజన వచ్చింది, సర్టిఫికెట్లు వచ్చాయి. సిరిసిల్ల సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో మేనమామ పక్కన నిలబడి తెగిన పోగు అతకడం నేర్చుకున్నవాడికి ఏ కాగితమూ రాలేదు. ఆ బడి మూతపడుతోందని ఏ పథకమూ గమనించలేదు.

మొన్న ఒక అరుగు మీద, ఇంటర్‌తో చదువాపేసిన అమ్మాయి ఒళ్లో చాట పెట్టుకుని కూచుంది. ఏం చేస్తున్నవు బిడ్డా అన్నాను.

“ఏం జేస్తలేను సార్, ఉట్టిగనే ఉన్న” అంది. చుట్టిన బీడీకి దారం కట్టి చాటలో పడేసి, ఇంకో తునికాకు తీసుకుంది.